ఓపీ చీటీ నంబరు చూసి కాలేజీ ఎంచుకున్నాం

2022 జనవరి చివర్లో ఒక సోమవారం పొద్దున నేనూ నాన్నా ఒక జిల్లా ప్రభుత్వాసుపత్రి ఓపీ హాల్లో బెంచీ మీద కూర్చున్నాం. మా ఇద్దరిలో ఎవరికీ జబ్బు లేదు. కరోనా మూడో విడత నడుస్తున్న రోజులు, పని లేకుండా ఆసుపత్రి మెట్లెక్కేవాళ్ళు ఎవరుంటారు? మాకు పనుంది. ఎంబీబీఎస్ సీటు కోసం ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని ఆన్‌లైన్‌లో పెట్టే వెబ్ ఆప్షన్లలో, ఈ ఆసుపత్రికి చెందిన మెడికల్ కాలేజీని పైన పెట్టాలా కింద పెట్టాలా తేల్చుకోవాలి.

నాన్న ఆర్టీసీలో కండక్టర్. పాతికేళ్ళుగా టిక్కెట్లు కొడుతున్న మనిషి. పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలోని ఓపీ చీటీ వైపు మెల్లగా తొంగిచూసి, నంబరు చదివి, గోడ గడియారం చూశాడు. "పదకొండు కూడా కాలే, ఆరు వందలు దాటింది" అన్నాడు. పావుగంట ఆగి లేచి వెళ్ళి, కౌంటర్ దగ్గర అప్పుడే చీటీ తీసుకున్న ఒకామెను ఏదో అడిగినట్టు పలకరించి వచ్చాడు. "ఇంకో ఎనభై పెరిగింది. రష్ తగ్గుతలేదు."

పేషెంట్లు ఎంత ఎక్కువుంటే నేర్చుకోవడానికి అంత దొరుకుతుంది కాబట్టి, ఆ చీటీ నంబరే మా ఆప్షన్ల వరుసను మార్చేసింది. ఫైనల్ ఇయర్ దాకా వచ్చాక, ఆ రోజు చేసింది సరైన పనేనా అంటే సగం వరకే అంటాను. మిగతా సగం ఆ బెంచీ మీద కూర్చుంటే కనబడేది కాదు.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను, దాని గురించి చెప్పేవాళ్ళకు కొదవలేదు. ఇంటర్ అయ్యాక 2020లో మొదటిసారి నీట్ రాశాను. క్వాలిఫై అయ్యాను గానీ సీటు వచ్చే మార్కులు కావు. మళ్ళీ రాయడానికి ఏడాది పాటు ఉండే లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరాను. 2021లో పద్ధతి మార్చారు. ఒక్కో సబ్జెక్టులో సెక్షన్ బి అని 15 ప్రశ్నలిచ్చి ఏవైనా 10 రాయమన్నారు. మొత్తం 200 ప్రశ్నల్లో 180 రాయాలి, టైం మాత్రం అవే మూడు గంటలు. ఛాయిస్ ఇచ్చారని మేం సంబరపడ్డాం. తీరా పరీక్షలో ఏది వదలాలో తేల్చుకోవడానికే ఫిజిక్స్‌లో ఐదారు నిమిషాలు పోయాయి. సెప్టెంబర్ 12న రాశాం, నవంబర్ 1న ఫలితాలు వచ్చాయి. 720కి 482.

ఆ తర్వాత రెండు నెలలు ఏమీ కదల్లేదు. ఏ రాష్ట్రం వాళ్ళైనా పోటీపడే ఆలిండియా కోటా సీట్లలో ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్ల మీద సుప్రీంకోర్టులో వాదనలు నడుస్తున్నాయి. కోర్టు దారి చూపించాక, జనవరి 19 నుంచి గానీ ఆలిండియా కౌన్సెలింగ్ మొదలవలేదు. ఇంట్లో అందరికీ టెన్షన్. నేను మాత్రం ఆ ఖాళీలో సర్టిఫికెట్ల వెంట పడ్డాను. నిజం చెప్పాలంటే మొత్తం అప్లికేషన్‌లో నా చేతిలో ఉన్న పని అదొక్కటే.

రాష్ట్ర కోటా సీటుకు మన తెలంగాణలో లోకల్ అని తేలాలంటే అప్పట్లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాల్సి వచ్చేవి. నేను ఆరు, ఏడు చదివిన ప్రైవేటు స్కూలు ఎప్పుడో మూతపడింది. ఆ చోట ఇప్పుడు టైల్స్ షాపు ఉంది. పాత రిజిస్టర్లు మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో ఉంటాయని ఎవరో చెబితే అక్కడికి నాలుగుసార్లు తిరిగాను. మూడుసార్లు "సార్ లేరు". నాలుగోసారి బీరువా వెనక నుంచి తాడుతో కట్టిన రిజిస్టర్ తీశారు. అందులో నా పేరు పక్కన నాన్న సంతకం కనబడింది. సీటు వచ్చినప్పటికంటే ఆ నిమిషానే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నాను.

ఇంకొకటి. బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. ఆలిండియా కోటాకు అది పనికిరాదు. కేంద్రం జాబితా ప్రకారం ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అని, అంటే ఓబీసీల్లో సంపన్న వర్గం కాదని, వేరే సర్టిఫికెట్ కావాలి. మీసేవలో పెట్టుకుంటే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది, కానీ వారం పది రోజులు పట్టొచ్చు. రిజిస్ట్రేషన్ మొదలయ్యాక పరుగెత్తేవాళ్ళు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. నాకు ఆలిండియా కోటాలో సీటు రాలేదు, అది వేరే సంగతి.

రాష్ట్ర కౌన్సెలింగ్ వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీది. మెరిట్ లిస్టు వచ్చాక నా మార్కులకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా (మెరిట్ మీద యూనివర్సిటీ నింపే సీటు), ఏడాదికి 60,000 ఫీజు. రెండు, కొన్ని బ్యాచులే పూర్తయిన ఒక జిల్లా ప్రభుత్వ కాలేజీ, ఏడాదికి 10,000. మామూలుగా ఎవరైనా ప్రభుత్వ కాలేజీకే ఓటేస్తారు. కానీ "కొత్త కాలేజీ, సార్లు ఉండరట, హాస్టల్ బాగుండదట" అని బంధువులంతా ఒకటే పాట. ప్రైవేటు కాలేజీ మా ఇంటికి గంట దూరం. అమ్మ మనసంతా అటే ఉంది.

మా పెద్దమ్మ కూతురు, అక్క, అప్పటికి హౌస్ సర్జన్ (ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో చేసే ఇంటర్న్‌షిప్) చేస్తోంది. ఫోన్ చేస్తే, డ్యూటీ మధ్యలో ఉందేమో, రెండే ముక్కలు చెప్పింది. "బిల్డింగ్ చూడకు. రెండు చోట్లా పొద్దున పదింటికి ఓపీల కూసో. వార్డులల్ల మంచాలు చూడు. ఆ తర్వాత ఆప్షన్లు పెట్టుకో."

ముందు ప్రైవేటు కాలేజీకి వెళ్ళాం. మార్బుల్ ఫ్లోరు, లిఫ్టులు, లైబ్రరీలో ఏసీ. బంధువును చూడటానికి వచ్చామని చెప్పి జనరల్ మెడిసిన్ వార్డు దాకా వెళ్ళాం. ముప్పై మంచాల వార్డులో పడుకున్నవాళ్ళు నలుగురు. మిగతా మంచాల మీద దుప్పట్ల ఇస్త్రీ మడత కూడా నలగలేదు. బయటికొచ్చాక నాన్న ఒక్క మాటే అన్నాడు: "డిపోల నుంచి ఇప్పుడే తీసిన బస్సు లెక్కుంది." గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం మనసు విప్పాడు. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజున చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లలో జనాన్ని తెస్తారట. అన్ని ప్రైవేటు కాలేజీలూ అలాగే ఉంటాయని నేను అనను. నా బ్యాచ్‌మేట్ల చెల్లెళ్ళు, తమ్ముళ్ళు చదివేవాటిలో కిటకిటలాడేవీ ఉన్నాయి. అందుకే వెళ్ళి చూడమంటాను.

మర్నాడే ఓపీ బెంచీ. మధ్యాహ్నం లేబర్ వార్డు బయట చాపల మీద అన్నం తింటున్న అమ్మమ్మలను దాటుకుంటూ వచ్చి, బస్టాండ్‌లో టీ తాగుతూ వరుస రాసుకున్నాం. పాత పెద్ద కాలేజీలు పైన, అవి రావని తెలిసినా సరే. పైన పెడితే నష్టమేమీ లేదు, పైది రాకపోతే కిందిదే చూస్తారు. తర్వాత ఈ జిల్లా కాలేజీ, ఆ తర్వాతే ప్రైవేటువి. ఇక్కడ ఒక జాగ్రత్త. రెండో విడతలో ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే, మొదటి విడత సీటు దానంతటదే పోతుంది. మళ్ళీ వెనక్కి రాదు. లాంగ్ టర్మ్‌లో నా పక్కన కూర్చున్న అమ్మాయి "ఊరికే పెట్టి చూద్దాం" అని పెట్టి, ఇంటి పక్క కాలేజీ పోగొట్టుకుని రెండు వందల కిలోమీటర్లు వెళ్ళింది. వెళ్ళడానికి ఇష్టం లేని కాలేజీని ఆప్షన్లలో అసలు పెట్టకూడదు.

మొదటి విడతలోనే జిల్లా కాలేజీ వచ్చింది. ఫిబ్రవరి 14 నుంచి క్లాసులన్నారు.

ఫస్ట్ ఇయర్ అంతా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. డిసెక్షన్ హాలు వాసన, ఇంగ్లిష్‌లో వైవా అంటే గొంతు తడారిపోవడం, అందరికీ ఉండేవే. మా బ్యాచ్ నుంచే ఫ్యామిలీ అడాప్షన్ అని కొత్తగా పెట్టారు. ఒక్కొక్కరం ఊళ్ళో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని అప్పుడప్పుడూ వెళ్ళి చూడాలి. చాలామంది విసుక్కున్నారు. నాకైతే జబ్బుతో ఉన్న మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో అక్కడే తెలిసింది. బీపీ మాత్రలు ఎందుకు ఆపేశావని అడిగితే ఒక తాత "తలనొప్పి పోయింది కదా" అన్నాడు. ఆ ఒక్క జవాబుతో కమ్యూనిటీ మెడిసిన్‌లో సగం చాప్టర్ అర్థమైపోయింది.

సెకండ్ ఇయర్‌లో పోస్టింగులు మొదలయ్యాయి. పొద్దున మూడు గంటలు వార్డులో. కొత్త స్టెత్, ఇస్త్రీ ఎప్రాన్, జేబులో టార్చి, టేపు, ట్యూనింగ్ ఫోర్క్. జనరల్ మెడిసిన్ వార్డులో ఒక మంచం చుట్టూ ఇరవై ఐదు మందిమి. నేను పొట్టి. మొదటి రెండు వారాలు నాకు కనిపించింది ముందువాడి ఎప్రాన్ వీపు. సార్ ఏదో చెబుతున్నారు, నోట్సు రాసుకుంటున్నాను, పేషెంటు మొహం ఎలా ఉందో మాత్రం తెలియదు.

మంచాలన్నీ నిండే ఉన్నాయి, నాన్న లెక్క తప్పలేదు. కానీ ఆ యూనిట్‌లో ఒకే అసిస్టెంట్ ప్రొఫెసర్. ఓపీ ఆయనే చూడాలి, వార్డు ఆయనే, మా క్లాసూ ఆయనే. మెడిసిన్‌లో పీజీలు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక పైచదువు చదివే డాక్టర్లు, అప్పటికి ఇంకా రాలేదు. క్లాసు మధ్యలో ఫోన్ వస్తే క్యాజువాలిటీకి పరుగెత్తేవారు, మేం ఇరవై ఐదు మందిమీ మంచం చుట్టూ అలాగే నిలబడేవాళ్ళం, పేషెంటు మమ్మల్ని చూస్తూ. ఆ రోజు ఓపీలో కూర్చుని జనం ఉన్నారా అని చూశాం. మంచం పక్కన నిలబడి చూపించేవాళ్ళు ఎంతమంది అని ఎవర్నీ అడగలేదు. ఒక సీనియర్ అన్నను క్యాంటీన్‌కు పిలిచి అడిగి ఉంటే పది నిమిషాల్లో చెప్పేవాడు.

అక్కకు మళ్ళీ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ఆమె నవ్వింది. పాత పెద్ద కాలేజీలో తమ కష్టం ఇంకో రకమట. పీజీలు బోలెడు మంది, ప్రతి పనీ వాళ్ళే చేసేస్తారు, ఎంబీబీఎస్ చదివే యూజీ దగ్గరికి సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టే పని కూడా రాదట. "నీ దగ్గర జనమున్నరు, చేసెటోళ్ళు లేరు. సాయంత్రం పో" అంది.

సాయంత్రం వార్డు వేరే లోకం. ఆరు దాటాక విజిటర్ల హడావుడి తగ్గుతుంది, లైట్లు వేస్తారు, పేషెంట్లకు ఎవరైనా వచ్చి మాట్లాడితే బాగుండు అనిపించే వేళ. నేనూ మా రూమ్మేటూ ఇద్దరమే వెళ్ళేవాళ్ళం. మూడో మంచం మీద నలభై దాటిన ఒకామె ఉండేది, మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకునేది. ఆయాసమా అని అడిగితే కాదంది. "ఆయాసం కాదు బిడ్డా, దమ్ము." రెండూ ఒకటేనని నాకు తెలుసు, ఆమెకు మాత్రం కాదు. పని చేస్తే వచ్చే అలుపు ఆయాసమట, ఊరికే కూర్చున్నా వచ్చేది దమ్మట. పుస్తకంలో గ్రేడులని నాలుగు అంకెలు వేసిన దాన్ని ఆమె రెండు మాటల్లో విడగొట్టింది.

పడుకుంటే ఎక్కువవుతుందా అని తెలుసుకోవడానికి ఎన్ని దిండ్లు పెట్టుకుంటారో అడగాలని పుస్తకం చెబుతుంది. అడిగాను. ఆమె వింతగా చూసింది.

"దిండ్లు ఏడియి బిడ్డా? చీరె మడతేసి పెట్టుకుంట."

"ఎన్ని చీరెలు?"

"ముందు ఒకటి. దసరా నుంచి మూడు. మొన్నటి సంది గోడకు ఒరిగి కూసోనే పండుడు."

కేస్ షీట్‌లో నేను చీరలనే రాశాను. చిన్నప్పుడు ఎప్పుడైనా కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగితే, పెళ్ళి కాకముందు మోకాళ్ళు ఉబ్బి నెల రోజులు మంచాన పడ్డానంది. "గదెందుకు ఇప్పుడు?" అని ఎదురడిగింది. ఆ ప్రశ్నకే నా ఒళ్ళు ఝల్లుమంది. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వస్తే పాతికేళ్ళ తర్వాత గుండె కవాటం పాడవచ్చు. పాథాలజీలో బట్టీ పట్టిన పేజీ ఎదురుగా కూర్చుని నన్ను ప్రశ్న అడుగుతోంది.

కవాటం పాడైతే గుండెలో వినబడే మోత, మర్మర్, మాత్రం వినబడలేదు. మొదటి సాయంత్రం లేదు, రెండో సాయంత్రం ఉందనుకున్నాను, నా చెవిలోని చప్పుడే అది. మూడో రోజు రాత్రి డ్యూటీకి వచ్చిన హౌస్ సర్జన్ అన్న చూసి, ఆమెను ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నాడు, స్టెత్‌కు చిన్న గిన్నెలా ఉండే బెల్ వైపు తిప్పమన్నాడు, గట్టిగా నొక్కొద్దన్నాడు. ఊపిరి వదిలి ఆపమ్మా అన్నాడు. అప్పుడు వినబడింది. రెండు వీధుల అవతల రైస్ మిల్లు తిరుగుతున్నట్టు, వినీ వినబడని మోత. రూమ్మేట్‌కు స్టెత్ ఇచ్చాను. ఆమె కళ్ళు పెద్దవి చేసింది. పేషెంటు మా ఇద్దరి మొహాలూ చూసి, "మంచిదేనా?" అంది. ఏం చెప్పాలో తెలియక తల ఊపాను. వ్యాధి దొరికిందని మా సంబరం, ఆమె నోట్లో ఆ మాట. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అప్పటి నుంచి పోస్టింగులను నేనే ప్లాన్ చేసుకోవడం మొదలుపెట్టాను. పెద్ద ప్లానేమీ కాదు. ఏ యూనిట్‌కు ఏ రోజు అడ్మిషన్ డే (కొత్త పేషెంట్లను చేర్చుకునే రోజు) అన్నది ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపుకు అంటించాను. అడ్మిషన్ డే సాయంత్రం వెళితే కొత్త కేసులు, ఇంకా ఎవరి డయాగ్నసిస్సూ పడనివి. మర్నాడు రౌండ్స్‌లో సార్ అడిగే ప్రశ్నలకు జవాబు ముందే మన దగ్గర ఉంటుంది. అలా రెండుసార్లు చెబితే, ఇరవై ఐదు మందిలో ముందు వరుసకు సారే పిలుస్తారు. ఇంజెక్షన్, కెథటర్ నేర్పింది మాత్రం సార్లు కాదు, సిస్టర్లు. లేబర్ రూమ్‌లో ఒక సిస్టర్ అయితే "ముందు ఆమె చెయ్యి పట్టుకో, తర్వాత గ్లవ్స్ తొడుక్కో" అనేది. చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్‌లో సార్ల సంతకాలు పోస్టింగ్ అయిన వారంలోపే పెట్టించుకోవాలి. ఏడాది చివర్లో వెళితే ఆ సార్ బదిలీ అయ్యుంటారు. క్లినిక్స్‌లో 80 శాతం అటెండెన్స్ లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు కాబట్టి అందరూ వస్తారు. సాయంత్రం రావడానికి మాత్రం ఎవరూ అటెండెన్స్ వేయరు.

ఫైనల్ ఇయర్‌కొచ్చేసరికి వార్డులు సగం ఖాళీ. పేషెంట్లు కాదు, మావాళ్ళు. అందరూ రూముల్లో పీజీ ఎంట్రన్స్ వీడియోలు, ఎంసీక్యూలు. తప్పుపట్టను, నేనూ చేస్తాను. దానికి తోడు ఫైనల్ ఇయర్ చివర దేశమంతా ఒకటే పెడతామంటున్న నెక్స్ట్ పరీక్ష భయం. ఎప్పుడో 2019 బ్యాచ్‌కే అన్నారు, 2023 జూలై 28న మాక్ పెడతామని చెప్పి అదీ ఆపేశారు. మాకు ఉంటుందో ఉండదో అని నెలకొక వాట్సాప్ పుకారు. ఉన్నా లేకపోయినా పనికొచ్చే చదువు ఏది అని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే, చూసిన కేసును ఆ రాత్రే చదవడం. చీరల లెక్క చెప్పినామెతో ఆ కవాటం ఇరుకైపోయే జబ్బు, మైట్రల్ స్టెనోసిస్, నాకు మళ్ళీ చదవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్ గురించి ఆలోచిస్తున్నాను. పన్నెండు నెలలు, అందులో కమ్యూనిటీ మెడిసిన్ పన్నెండు వారాలు. చాలామంది ఆ పన్నెండు వారాలను పీజీకి చదువుకోవడానికి దాచుకుంటారు. నేను దాన్ని మొదట్లో వేయించుకోవాలని చూస్తున్నాను. పీహెచ్‌సీలో ఒక్కదాన్నే కూర్చుంటే ఏం రాదో ముందే తెలిసిపోతుంది, తర్వాత మెడిసిన్, సర్జరీలో ఏం అడగాలో తెలుస్తుంది. రొటేషన్ లిస్టు నా చేతిలో లేదు గానీ, అడిగి చూస్తాను.

మొన్న నాన్న ఫోన్ చేశాడు. డిపోలో తన తోటి కండక్టర్ కూతురు ఈసారి ఆప్షన్లు పెట్టుకోవాలట, ఆయనకు ఫోన్ ఇచ్చాడు. "కాలేజీ మంచిదేనా అమ్మా?" అని అడిగాడాయన. పొద్దున ఓపీ చీటీ నంబరు సంగతి నాన్న అప్పటికే చెప్పేశాడట. మంగళవారం మా యూనిట్ అడ్మిషన్ డే. పాపను తీసుకుని సాయంత్రం ఆరింటికి వార్డుకు రమ్మన్నాను, ఎవరు వస్తారో, ఎవరు నేర్పుతారో ఓ రెండు గంటలు కూర్చుని చూడమన్నాను. తిరుగు ప్రయాణానికి తొమ్మిదిన్నరకు చివరి బస్సు ఉందని వెనక నుంచి నాన్న గొంతు వినబడింది.